మొయాటిజే బొగ్గు: గని ధర వేరు, సముద్రానికి దారి ధర వేరు

2011లో రియో టింటో అనే బహుళజాతి గనుల కంపెనీ ఆఫ్రికాలో ఒక పల్లెటూరి జిల్లాలోని బొగ్గు కోసం దాదాపు 370 కోట్ల డాలర్లు పెట్టింది. ఆ బొగ్గు హక్కులున్న రివర్స్‌డేల్ అనే ఆస్ట్రేలియా కంపెనీని ఏకంగా కొనేసింది. మూడేళ్లు తిరిగాయి. 2014లో అదే ఆస్తిని 5 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. అంటే పెట్టిన ప్రతి 74 డాలర్లలో ఒక్కటి వెనక్కి వచ్చింది. ఈ మూడేళ్లలో బొగ్గు ఎటూ పోలేదు. ఎవరో తవ్వుకుపోయిందీ లేదు, కాలిపోయిందీ లేదు.

ఆ 5 కోట్లు పెట్టి కొన్నది ఐసీవీఎల్ అనే భారత ప్రభుత్వ రంగ ఉమ్మడి సంస్థ. అందులో పెద్ద వాటా సెయిల్‌ది. మిగతాదాంట్లో దాదాపు అంతా విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే ఆర్ఐఎన్ఎల్‌ది, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇనుప గనుల సంస్థ ఎన్ఎండీసీది. కాబట్టి మొజాంబిక్‌లోని టెటే రాష్ట్రం, మొయాటిజే జిల్లా అన్న పేర్లు తెలుగువాళ్లకు ఎంత దూరంగా వినిపించినా, అక్కడ మన డబ్బు కూడా కొంత ఉంది.

ఆఫ్రికాలో వనరులున్న జిల్లాల గురించి వచ్చే పెట్టుబడి ప్రచారంలో ఒకటే పాట వినిపిస్తుంది: భూమిలో ఇన్ని కోట్ల టన్నులు, మార్కెట్లో టన్ను ధర ఇంత, గుణించుకోండి. మొయాటిజే కథ ఆ గుణకారం ఎందుకు పనికిరాదో చూపిస్తుంది. అక్కడ ఖనిజానికి విలువ కట్టడంలో తప్పు జరిగింది తక్కువ. ఖనిజం బయటికొచ్చే దారికి, ఆ ఖనిజం మీద ఇళ్లు కట్టుకుని ఉన్న మనుషులకు లెక్క కట్టడంలోనే అసలు తప్పు జరిగింది.

మొజాంబిక్ మ్యాపు చూస్తే పడమటి వైపు ఒక ముక్క లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది. చుట్టూ జాంబియా, జింబాబ్వే, మలావీ. అదే టెటే రాష్ట్రం. మధ్యలో జాంబెజీ నది. దేశంలోకెల్లా ఎండలు మండిపోయే ప్రాంతాల్లో ఇదొకటి. బవోబాబ్ చెట్లు, మేకల మందలు, ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉండే వాగులు. జనం మాట్లాడేది న్యుంగ్వే భాష, ఆఫీసుల్లో నడిచేది పోర్చుగీసు. టెటే నగరం నుంచి రెవూబ్వే నది దాటితే మొయాటిజే. ఈ జిల్లా నేల కింద ఉన్నది కోకింగ్ కోల్, అంటే బ్లాస్ట్ ఫర్నెస్‌లో ఇనుప ఖనిజాన్ని కరిగించడానికి కావలసిన బొగ్గు. కరెంటు కోసం మండించే మామూలు బొగ్గు చాలాచోట్ల దొరుకుతుంది, ఇది అలా కాదు. భారత్‌లో దొరికేదాంట్లో బూడిద ఎక్కువ, అందుకే మన ఉక్కు కర్మాగారాలు చాలావరకు దిగుమతి మీదే బతుకుతాయి. సొంత ఇనుప గని కూడా లేని విశాఖ ఉక్కుకు ఈ బొగ్గు ఖర్చు ఎప్పుడూ తలనొప్పే.

2011లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ను వరదలు ముంచెత్తాయి. కోకింగ్ కోల్ ఒప్పంద ధర టన్నుకు 330 డాలర్లకు ఎగబాకింది. రియో టింటో కొన్నది సరిగ్గా ఆ ఊపులోనే. అప్పటికే పక్కన బ్రెజిల్ కంపెనీ వాలే తవ్వకం మొదలుపెడుతోంది. మొయాటిజే ప్రపంచంలోని పెద్ద కోకింగ్ కోల్ క్షేత్రాల్లో ఒకటవుతుందని అందరూ రాసిన రోజులవి.

ఇక దారి సంగతి. మొయాటిజే నుంచి బైరా రేవుకు సేనా లైన్ అనే పాత రైలు మార్గం ఉంది, దాదాపు 575 కిలోమీటర్లు. పోర్చుగీసు వాళ్లు వేసింది. జాంబెజీ మీద డోనా ఆనా అనే వంతెన, పొడవు మూడున్నర కిలోమీటర్ల పైనే, 1930ల్లో కట్టారు. 1975లో స్వాతంత్ర్యం వచ్చాక 1977 నుంచి 1992 దాకా దేశంలో అంతర్యుద్ధం సాగింది. 1980ల్లో రెనామో తిరుగుబాటుదారులు ఆ వంతెనను పేల్చారు, పట్టాలు పెకలించారు, దారి పొడవునా మందుపాతరలు పెట్టారు. యుద్ధం ముగిశాక కూడా ఏళ్ల తరబడి ఆ లైన్ మీద రైలు నడవలేదు.

దాన్ని బాగుచేసే పని 2004లో దక్కింది మన రైల్వే సంస్థలకే, రైట్స్, ఇర్కాన్‌ల ఉమ్మడి కంపెనీకి. ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. పని ఆలస్యమైంది, నాణ్యత బాగాలేదని మొజాంబిక్ ప్రభుత్వం గొడవపడింది, 2011 నాటికి ఒప్పందం రద్దయిపోయింది. గనుల వాళ్లు మాత్రం రైలు వచ్చేస్తుందన్న లెక్కతోనే ముందుకెళ్లారు. 2011లో బొగ్గు బండ్లు కదిలేసరికి తెలిసింది, ఆ లైన్ ఏడాదికి మోయగలిగేది కొన్ని పదుల లక్షల టన్నులేనని. గనులు తవ్వుదామనుకున్నది కోట్ల టన్నులు. పైగా బైరా రేవు లోతు తక్కువ, ఎప్పటికప్పుడు పూడిక తీయాలి. పెద్ద ఓడలు రేవు దాకా రాలేవు.

రియో టింటో దగ్గర దీనికో ఉపాయం ఉందని అనుకున్నారు: బొగ్గును బార్జిల్లో, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవల్లో, ఎక్కించి జాంబెజీ మీదుగా సముద్రానికి దించడం. కాగితం మీద చవకైన దారి. నదిని తవ్వి లోతు చేయాలి, పర్యావరణానికి దెబ్బ అంటూ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆ ఒక్క కాదనడంతో 370 కోట్ల లెక్క కూలిపోయింది. తవ్విచూస్తే కోకింగ్ రకం బొగ్గు కూడా అనుకున్నంత లేదని తేలింది. 2013 జనవరిలో కంపెనీ ఈ ఆస్తి విలువను దాదాపు 300 కోట్ల డాలర్లు తగ్గించుకుంది, సీఈవో టామ్ అల్బనీస్ తప్పుకున్నారు. నష్టం తెలిసీ మదుపరులకు ఆలస్యంగా చెప్పారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2017లో కేసు పెట్టింది, బ్రిటన్ నియంత్రణ సంస్థ జరిమానా వేసింది.

ఇంత పెద్ద కంపెనీ, ఇంతమంది ఇంజినీర్లు, రైలు సంగతి ముందే చూసుకోలేదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. చూసుకున్నారు. కాకపోతే గనిని కొనుక్కున్నారు, దారిని ఊహించుకున్నారు. ఇక్కడ బైలదిల్లా గుర్తుకొస్తుంది. బస్తర్ కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉందని ఎప్పటినుంచో తెలుసు. అయినా అది డబ్బుగా మారింది 1960ల్లో, జపాన్ కొనుగోలుదారులతో ఒప్పందం ఖాయమై, తూర్పు కనుమలను తొలుస్తూ కిరండూల్ నుంచి కొత్తవలసకు రైలు వేసి, విశాఖ రేవుకు కలిపాకే. గని, రైలు, రేవు, కొనేవాడు: నాలుగింటినీ ఒకే ప్రాజెక్టుగా చూశారు. ఆ బైలదిల్లాను నడిపే ఎన్ఎండీసీయే ఇప్పుడు రియో టింటో నుంచి ఐసీవీఎల్ కొన్న బెంగా గనిలో వాటాదారు కావడం ఒక విచిత్రం.

వాలే ఆ పాఠం అర్థం చేసుకుంది, కానీ దానికి చెల్లించిన మూల్యం భయంకరం. జపాన్ కంపెనీ మిత్సుయితో కలిసి, మలావీ దేశం గుండా, 912 కిలోమీటర్ల నకాలా కారిడార్ అనే రైలు మార్గాన్ని సిద్ధం చేసింది. కొంత కొత్త లైన్, కొంత పాతదాన్ని పటిష్ఠం చేయడం, చివర సహజంగా లోతైన నకాలా రేవు. మొత్తం ఖర్చు 400 కోట్ల డాలర్లు దాటింది. ఏడాదికి 1.8 కోట్ల టన్నులు బొగ్గు మోసే సామర్థ్యం వచ్చింది. వచ్చింది సరే, అది వచ్చేసరికి, 2016 మొదట్లో, బొగ్గు ధర 330 నుంచి 80 డాలర్ల దగ్గరికి పడిపోయింది. గని మీద పెట్టిన డబ్బు, రైలు కోసం తెచ్చిన అప్పు, రెండూ ఒకే బొగ్గు నుంచి తిరిగి రావాలి. ధర పడితే రెండూ కలిసి మునుగుతాయి.

2021లో మిత్సుయి తన వాటాలను వాలేకు ఇచ్చేసింది. ధర: గనికి ఒక డాలరు, కారిడార్‌కు ఒక డాలరు. అదే ఏడాది డిసెంబరులో వాలే మొత్తం గనిని, రైలును, రేవును కలిపి 27 కోట్ల డాలర్లకు జిందాల్ గ్రూపుకు చెందిన వల్కన్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. 2022 ఏప్రిల్‌ నాటికి అది చేతులు మారింది. ఆ ముందు నెలలోనే ఉక్రెయిన్ యుద్ధం వల్ల కోకింగ్ కోల్ ధర 600 డాలర్లు దాటింది! వందల కోట్లు పోసి రైలు వేసినవాడు వెళ్లిపోయాక, వేసి ఉన్న రైలును చవకగా అందుకున్నవాడికి మంచి రోజులు వచ్చాయి.

వ్యాపారవర్గాల్లో దీన్నుంచి ఒక సూత్రం లాగుతుంటారు: ఆఫ్రికాలో మొదటివాడు మునుగుతాడు, రెండోవాడు తేలుతాడు అని. అది సగమే నిజం. ఐసీవీఎల్ కూడా రెండోదే కదా. 5 కోట్లకే కొన్నా, సొంత రైలు లేదు, సేనా లైన్ మీద ఆధారపడాలి, కొన్న ఏడాదికే ధర కుప్పకూలింది, కొంతకాలం తవ్వకం ఆపేయాల్సి వచ్చింది. బెంగా చేతిలో ఉన్నంత మాత్రాన విశాఖ ఉక్కుకు బొగ్గు కష్టాలు తీరలేదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చేదాకా దాని పరిస్థితి వెళ్లింది. వల్కన్‌కు, ఐసీవీఎల్‌కు తేడా ఎవరు ముందు ఎవరు తర్వాత అన్నది కాదు. ఒకరి ధరలో పట్టాలు కలిసి ఉన్నాయి, ఇంకొకరి ధరలో లేవు.

ఇప్పటిదాకా చెప్పినదంతా డబ్బు పెట్టినవాళ్ల వైపు నుంచి. రెండో లెక్క, మనుషులది, ఇంకా తక్కువగా చూశారు.

వాలే గని కోసం 2009, 2010ల్లో వెయ్యికి పైగా కుటుంబాలను లేపేశారు. చాలామందిని దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని కటేమె అనే కొత్త ఊరికి పంపారు. వాళ్ల పాత ఊళ్లు నదికి, టెటే బజారుకు దగ్గర. కట్టెలు, కూరగాయలు, ఇటుకలు అమ్ముకుని నాలుగు డబ్బులు చూసేవాళ్లు. కొత్త ఊళ్లో రాళ్ల నేల, నీటికి కటకట, బీటలు వారిన ఇళ్లు. 2012 జనవరి 10న కటేమె జనం రైలు పట్టాల మీద కూర్చున్నారు, బొగ్గు రైలు ఆగింది. 2013లో మొయాటిజే ఇటుకల పనివాళ్లు తమ బంకమట్టి నేల పోయిందని, సరైన పరిహారం రాలేదని గనికి వెళ్లే దారులు మూసేశారు. మేనేజర్లు దీన్ని సామాజిక బాధ్యత పద్దులో రాసుకుంటారు. నిజానికి ఇది రవాణా పద్దులో రాయాల్సిన ఖర్చు. వందల కిలోమీటర్ల పట్టాలకు కాపలా పెట్టలేరు, దారిలో కోపంగా ఉన్న ఊరు ఒక్కటి చాలు. 2013, 2016ల్లో రాజకీయ ఉద్రిక్తతల మధ్య సేనా లైన్ రైళ్ల మీద సాయుధ దాడులు కూడా జరిగాయి.

చట్టం జనం వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. మొజాంబిక్‌లో భూమి అంతా ప్రభుత్వానిదే. అమ్మడం, కొనడం, తాకట్టు పెట్టడం కుదరదు. 1997 భూచట్టం ప్రకారం వాడుకునే హక్కు మాత్రమే ఇస్తారు, దాన్ని డుయాట్ అంటారు. ఊరివాళ్లు ఆచారం ప్రకారం సాగుచేసుకుంటున్న భూమికి కాగితం లేకపోయినా ఆ హక్కు ఉన్నట్టే. బయటి పెట్టుబడిదారుడు అడిగితే ముందు ఊరితో సంప్రదింపులు జరగాలి. తర్వాత విదేశీయుడికి రెండేళ్ల తాత్కాలిక అనుమతి, చెప్పిన పని చేసి చూపిస్తే 50 ఏళ్ల దాకా హక్కు. గని అనుమతి వచ్చిన చోట మాత్రం గనికే పెద్దపీట, ఊరి హక్కు పరిహారంగా మారిపోతుంది. ఎకరాల లెక్కన భూమి కొనేసి ధర పెరిగాక అమ్ముకుందామనుకునే మన అలవాటు వ్యాపారానికి ఇక్కడ చోటే లేదు. ఎవరైనా అక్కడ భూమి అమ్ముతామంటే, వాళ్ల చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నారనే అర్థం.

జిల్లాకు గని నుంచి ఏం వస్తుందో కూడా చూడాలి. 2014 నాటి చట్టం ప్రకారం బొగ్గు మీద రాయల్టీ 3 శాతం. అందులో 2.75 శాతం తవ్వకం జరిగే ప్రాంతాల జనానికి చేరాలి. వంద డాలర్ల బొగ్గు పోతే రాయల్టీ 3 డాలర్లు, అందులో ఊళ్ల వాటా 8 సెంట్లు. ఆ ఎనిమిది సెంట్లు సక్రమంగా చేరాయనే అనుకున్నా, పోయిన పొలానికి, ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ముకు అదెంత?

మరి చిన్న, మధ్యతరహా పెట్టుబడికి అవకాశం ఎక్కడ? బొగ్గు జోరుగా ఉన్న రోజుల్లో టెటేలో హోటల్ గది దొరికేది కాదు, అద్దెలు చుక్కలను అంటాయి. చూసినవాళ్లంతా హోటళ్లు, గెస్ట్‌హౌస్‌లు, క్యాంటీన్ కాంట్రాక్టుల మీద పడ్డారు. ధర పడగానే కంపెనీలు మనుషులను తగ్గించాయి, గదులు ఖాళీ అయ్యాయి. గనినే నమ్ముకున్న ప్రతి వ్యాపారం గని కంటే ముందు మునుగుతుంది. గనికి పెద్ద బ్యాంకుల అండ ఉంటుంది, క్యాంటీన్ నడిపేవాడికి ఉండేది రావాల్సిన బిల్లుల కట్ట మాత్రమే. దీనికి తోడు కరెన్సీ. ప్రభుత్వ కంపెనీలు రహస్యంగా తెచ్చిన దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పులు 2016లో బయటపడ్డాయి, దాతలు సాయం ఆపేశారు. 2015లో డాలరుకు 40 దగ్గర ఉన్న అక్కడి కరెన్సీ మెటికల్ 2016 చివరికి 70 దాటింది. సరుకు డాలర్లలో తెచ్చి మెటికల్‌లో అమ్మినవాళ్ల గతి ఊహించుకోవచ్చు.

బొగ్గుకు ముందే ఉన్న వ్యాపారాలు మాత్రం నిలబడ్డాయి. మలావీ సరిహద్దు జోబ్వే ఈ జిల్లాలోనే ఉంది. జింబాబ్వే నుంచి మలావీకి పోయే లారీలు టెటే మీదుగా, మొయాటిజే గుండా వెళ్తాయి. బొగ్గు ధర ఎంతైనా లారీ టైరు అరుగుతుంది, డ్రైవరు భోజనం చేస్తాడు. టైర్లు, స్పేర్ పార్టులు, రిపేరు షెడ్లు, కోల్డ్ స్టోరేజీ లాంటివాటికి ఇక్కడ గిరాకీ గనితో ముడిపడి లేదు. అయితే ఆ దారికీ ప్రమాదాలున్నాయి. 2022 జనవరిలో అనా తుపాను వరద రెవూబ్వే మీది వంతెనను దెబ్బతీసింది, టెటేకు మొయాటిజేకు మధ్య రాకపోకలు స్తంభించాయి.

మేకలు ఇంకో సంగతి. టెటే మేకకు దేశమంతా పేరుంది, దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలోని రాజధాని మపూటో దాకా పోతాయి. చాలా ఇళ్లలో నాలుగు మేకలుంటాయి. కొరత ఉన్నది పశువైద్యం దగ్గర, మాంసాన్ని శుభ్రంగా కోసి చల్లగా తరలించే వ్యవస్థ దగ్గర. రాష్ట్రం పడమటన కహోరా బస్సా జలాశయంలో కపెంటా అనే చిన్న చేపను రాత్రిపూట దీపాలు పెట్టి పట్టి, ఎండబెట్టి పొరుగు దేశాలకు పంపుతారు. ఉత్తరాన చల్లటి అంగోనియా పీఠభూమిలో మొక్కజొన్న, బంగాళాదుంపలు బాగా పండుతాయి. వీటిలో ఏదీ 370 కోట్లు అడగదు, 370 కోట్ల లాభమూ ఇవ్వదు. పెట్టుబడి సదస్సుల బ్రోషర్లలో వీటికి పేజీ దొరకకపోవడానికి కారణం అదే కావచ్చు.

పొగాకు వ్యాపారం మాత్రం పెద్దదే. టెటే నగరంలో పెద్ద ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ ఉంది. కంపెనీ విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చి ఆకు కొంటుంది. ఫలానా ప్రాంతంలో కొనే హక్కు ఫలానా కంపెనీకే అని ప్రభుత్వం కేటాయిస్తుంది కాబట్టి, రైతుకు బేరమాడే వీలు తక్కువ, కొత్తగా వచ్చేవాడికి చోటు ఇంకా తక్కువ.

మనవాళ్లను ఎక్కువగా ఊరించేది కంది. మొజాంబిక్ రైతులు, ముఖ్యంగా జాంబెజియా, నంపూలా రాష్ట్రాల వాళ్లు, కందులు పండించేది చాలావరకు భారత్ కోసమే. వాళ్లు పప్పు తినేది తక్కువ. మన ఇళ్లలో ఉడికే పప్పులో ఆ కందులు కొన్ని ఉంటాయి. తాండూరు కందిపప్పు అని అడిగి కొనుక్కునేవాళ్లకు ఈ మాట నచ్చకపోవచ్చు. 2016లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి, ఏడాదికి లక్ష టన్నులతో మొదలుపెట్టి రెండు లక్షల దాకా కొంటామని భారత్ చెప్పింది. అక్కడి రైతులు ఎక్కువ వేశారు. 2017లో మన దగ్గర కంది బాగా పండి ధర పడిపోయింది, ఢిల్లీ దిగుమతులకు పరిమితి పెట్టింది. మొజాంబిక్ పల్లెల్లో కందులు కొనేవాడు లేక ధర కుప్పకూలింది. ఒకే దేశం కొనే పంటలో ఆ దేశపు రైతు ఓటు కూడా ఒక రిస్కే. తెలంగాణ రైతుకు మద్దతు ధర కావాలని మనం అడగడం న్యాయమే, ఆ నిర్ణయపు దెబ్బ పడేది మాత్రం మనకంటే పేద రైతు మీద.

ఎవరు వెళ్లినా ఎదురయ్యే నిబంధనలు కొన్ని ఉన్నాయి. పెద్ద కంపెనీలో విదేశీ సిబ్బంది 5 శాతం మించకూడదు. గనులకు సరుకులు, సేవలు అందించే విదేశీ సంస్థ స్థానిక భాగస్వామిని కలుపుకోవాలి. ఉత్తరాన కాబో డెల్గాడోలో 2017 నుంచి సాగుతున్న హింస టెటేకు చాలా దూరం. కానీ 2024 అక్టోబరు ఎన్నికల తర్వాత రేగిన ఆందోళనలు దేశమంతా రోడ్లను, సరిహద్దులను ఆపేశాయి. జోబ్వే మీద ఆధారపడ్డ లారీ వ్యాపారానికి ఆ దూరం ఏమాత్రం రక్షణ కాలేదు.

ఇప్పుడు టెటేలో తర్వాతి పెద్ద పందెం కరెంటు. 1970ల్లో కట్టిన కహోరా బస్సా 2,075 మెగావాట్ల ప్రాజెక్టు. దాని కరెంటులో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాకు వెళ్తుంది. దానికి దిగువన 60 కిలోమీటర్ల దూరంలో ఎంఫండా ఎన్‌కూవా అనే 1,500 మెగావాట్ల ఆనకట్ట ప్రతిపాదన ఉంది. 2023లో ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ నేతృత్వంలోని కూటమిని ఎంచుకున్నారు, టోటల్‌ఎనర్జీస్, సుమిటోమో అందులో ఉన్నాయి. నీళ్లున్నాయి, లోయ ఉంది, ఇంజినీర్లకు అనుమానం లేదు. ఆ కరెంటును మపూటో వైపు చేర్చడానికి మాత్రం దాదాపు 1,300 కిలోమీటర్ల లైన్ వేయాలి. ఆ లైన్ అప్పు ఎవరి ఖాతాలో పడుతుంది, కరెంటు కొంటానని దక్షిణాఫ్రికా ఎన్నేళ్లకు, ఏ ధరకు సంతకం పెడుతుంది, నది ఒడ్డున పొలాలు పోయే కుటుంబాలకు ఇచ్చే కొత్త నేలలో నీరు ఉందా అన్న మూడు కాగితాలు చూశాకే ఆ 1,500 మెగావాట్లకు ధర కట్టాలి.